93.5లో ఎస్ ఎఫ్‌ఎం పోయి రెడ్ ఎఫ్‌ఎం ఎప్పుడు వచ్చింది?

హైదరాబాద్‌లో ఇప్పుడు రెడ్ ఎఫ్‌ఎం వచ్చే 93.5లో మొదట ఎస్ ఎఫ్‌ఎం వచ్చేది కదా, ఆ పేరు మార్పుతో పాటు పాటల తీరు ఎలా మారిందో రాసుకుంటున్నాను. నెట్‌లో ఒకచోట ఒక సంవత్సరం, ఇంకోచోట ఇంకోటి ఉంది (ఒకరిది చూసి ఒకరు రాసినట్టున్నారు). అఫ్జల్‌గంజ్ లైబ్రరీలో రెండు రోజులు కూర్చుని 2009 నాటి తెలుగు పేపర్లు తిరగేశాను, ఒక్క ప్రకటన కూడా కనపడలేదు. ఇంట్లో పాత క్యాసెట్ ఒకటి దొరికింది. అందులో ఎస్ ఎఫ్‌ఎం జింగిల్ అరనిమిషం ఉంది, వెంటనే 91.1 రేడియో సిటీ బిట్ వస్తుంది కాబట్టి 2006కి ముందుది మాత్రం కాదు, తేదీ రాసుకోలేదు నా ఖర్మ.

హైదరాబాద్‌లో 93.5లో "రెడ్ ఎఫ్‌ఎం" అనే పేరు మొదట ఏ నెలలో, ఏ సంవత్సరంలో విన్నారు?