నగాగ్నియా, నగాద్రియా?

పాతపలక: రెండ్రోజులుగా నోట్లో నానుతోంది, గణితకవి పావులూరి మల్లన చదరంగం పద్యం. చదరంగం గళ్ళలో ఒకటితో మొదలుపెట్టి రెట్టిస్తూ పోతే వచ్చే మొత్తాన్ని మాటల్లో చెప్పేది.

శరశశిషట్కచంద్రశరసాయకరంధ్రవియన్నగాద్రిభూ
ధరగగనాబ్ధివేదగిరితర్కపయోనిధిపద్మజాస్యకుం
జరతుహినాంశుసంఖ్యకు...

ఇక్కడిదాకా వస్తోంది. నాలుగో పాదం ఎవరికైనా కంఠస్థమా? మా తాతగారు చివర్లో "జగత్ప్రసిద్ధికిన్" అని సాగదీసేవారు.

గట్టుమీద: నాలుగోది తర్వాత. మొదటి పాదంలోనే తప్పుందండీ. నగాద్రి కాదు, నగాగ్ని. ఈ పద్యంలో ఒక్కో మాటా ఒక్కో అంకె, ఒకట్ల స్థానం నుంచి మొదలు: శరం అయిదు, శశి ఒకటి, కొండ ఏడు, అగ్ని మూడు. నగమూ కొండే, అద్రీ కొండే. ఏడు పక్కన ఏడు పడింది. అక్కడ మూడుండాలి.

పాతపలక: గాగ్ని అన్నా గాద్రి అన్నా గురువు, లఘువేగా. యతి "సా" దగ్గరే తేలిపోయింది.

గట్టుమీద: అదే చెప్పేది, ఛందస్సుకి దొరకని దొంగ ఇది. లెక్కకి దొరుకుతాడు. గడిగడికీ రెట్టిస్తూ 64 గళ్ళ మొత్తం, అంటే 2 ఘాతం 64లో ఒకటి తక్కువ. 4 ఘాతం 32లో ఒకటి తక్కువ అన్నా అదే, కాబట్టి మూడుతో తెగి తీరాలి. శరం నుంచి తుహినాంశుడి దాకా అంకెలన్నీ కూడండి; ఆ మొత్తం మూడుతో తెగితేనే సంఖ్యా తెగుతుంది. అగ్నితో 87, అద్రితో 91. ఏది తెగుతుందో మీరే చూడండి.

సంధ్యక్షరం: బాగుంది గానీ మాస్టారూ, మీ మూడు అన్నిచోట్లా పనిచెయ్యదు. సప్తసముద్రాలు కదా అని ఎవరైనా అబ్ధికీ పయోనిధికీ ఏడేసి వేశారనుకోండి, మొత్తం 93. హాయిగా తెగుతుంది, సంఖ్య మాత్రం తప్పు! అబ్ధి నాలుగని సంప్రదాయం తెలిసుండాల్సిందే. సరే, నా అనుమానం మూడో పాదంలో పైన ఇవ్వని మిగతా భాగం మీద. అక్కడ తచ్చదరంగ అనేవాళ్ళున్నారు. సంస్కృతపు తత్‌తో తెలుగు చదరంగం కలిస్తే వైరి సమాసం కాదూ? తచ్చతురంగగేహ అనే ఉండాలి.

గట్టుమీద: అది రాసుకున్నవాళ్ళ పనై ఉంటుంది, మల్లనని అనకండి. మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని పద్యాల్లోకి దించినవాడు. 20 అంకెల్ని చంపకమాలలో కూర్చాడు. అందులో ఏడుని భూ/ధర అనీ, ఎనిమిదిని కుం/జర అనీ పాదాంతాల్లో విరిచి రేఫ ప్రాస నిలబెట్టుకున్నాడు. అది చూడండి ముందు!

64బిట్లు: సాఫ్ట్‌వేర్ వాణ్ని, మధ్యలో దూరుతున్నా. 1,84,46,74,40,73,70,95,51,615. కంప్యూటర్లో మా 64 బిట్లూ (0 లేదా 1 పట్టే గళ్ళు) ఒకట్లయితే వచ్చేది ఇదే. కారణాంకాలు 3, 5, 17, 257, 641, 65537, 6700417. 2 ఘాతం 32 ప్లస్ 1 కూడా దీన్ని భాగిస్తుంది; గణితవేత్త ఫెర్మా అది ప్రధాన సంఖ్యే అనుకున్నాడు, అందులో 641 దాక్కుందని 1732లో మరో గణితవేత్త ఆయిలర్ పట్టుకున్నాడు.

సంధ్యక్షరం: మీ అయిదుకి ఆయిలర్ దాకా వెళ్ళక్కర్లేదు. పద్యం ఎత్తుకోవడమే శరంతో, ఒకట్ల స్థానంలో.

పాతపలక: అంతా బాగుందండీ. నాలుగో పాదం?

గట్టుమీద: వస్తున్నా. ముందు ఆ "షట్క" సంగతి చెప్పండి. ఇరవై మాటల్లో అదొక్కటే నేరుగా అంకె పేరు. రెండో పాదంలో ఆరుకి తర్కం వాడినవాడు ఇక్కడ శశితర్కచంద్ర అనొచ్చుగా? గణాలు కూడా సరిగ్గా అవే!