‘సింగం బాకటితో’ పద్యంలో చేట్పాటా, చేడ్పాటా?

మూలాపేట:
హిచ్‌కాక్ తీసిన ‘టార్న్ కర్టెన్’ మళ్లీ చూశాను. 1966 నాటిది, ఆయన యాభయ్యో సినిమా. గూఢచారి కథల్లో దాన్ని తలుచుకునేవాళ్లు తక్కువ. తూర్పు జర్మనీకి ఫిరాయించినట్టు నటిస్తున్న అమెరికా శాస్త్రవేత్త, పల్లెలో ఒక వంటింట్లో నిఘా మనిషి గ్రోమెక్‌కు దొరికిపోయే చోట, తిక్కన విరాటపర్వంలో బృహన్నల వేషంలోని అర్జునుణ్ని గుర్తుపట్టినప్పటి శార్దూల పద్యం నోటికొచ్చింది. ఆకలితో గుహలో ఉన్న సింహం ఏనుగుల గుంపును చూసి కోపంతో వచ్చినట్టు అర్జునుడు మన సేన మీదికి వచ్చాడని దాని భావం. ‘సింగం బాకటితో గుహాంతరమునం...’ దాకా తడుముకోకుండా వచ్చింది. ఆ తర్వాత ‘జేట్పాటుమై నుండి’యా, ‘జేడ్పాటుమై నుండి’యా? అర్థం కూడా అక్కడే తేలాలి. సింహం నీరసించి పడి ఉందా, అదను కోసం కాచుకుని ఉందా?

కావలి:
ట-కారమే అన్నా. మా అయ్యవారు చెప్పించింది చేట్పాటు. చేటు, పాటు. చేటు మూడిన స్థితిలో ఉన్న సింహం. అడవుల పాలైన అర్జునుడికి అంతకన్నా సరైన మాట ఏముంటుంది? మూడో పాదంలో ‘కాంతారనివాసఖిన్నమతి’ అని తిక్కనే విప్పి చెప్పాడు కదా.

ఆత్మకూరు:
చేటు కాదు తమ్ముడూ. ‘చేడ్పడు’ అనే క్రియ ఉండాది, మందగించడం, అలసిపోవడం అని. దాని నుంచి వచ్చిన నామం ఇది. ఆకలి సింహానికి చేటు మూడటమేంది, సత్తువ తగ్గి మందంగా పడి ఉండటమే. ఏనుగుల గుంపు కనబడగానే ఆ మందమంతా పోతుంది. ఆ మార్పు కోసమే పద్యం.

కావలి:
మరి ఖిన్నమతి మాటేంది అక్కా? ఖేదం అలసట కాదు.

ఒంగోలు:
ఛందస్సును అడిగి లాభం లేదని ముందే చెప్తున్నా. శార్దూలానికి యతి 13వ అక్షరం మీద. ‘సిం’కి ‘జే’ సరిపోయింది. ద్రుతం (ముందు మాట చివరి నకారం) మీద చకారం జకారమైనా యతి చెడలేదు. కాబట్టి ‘చే’ వరకు ఎవరూ కదిలించలేరు. దాని పక్కనున్న పొల్లు (అచ్చు లేని హల్లు) ట-కారమైనా డ-కారమైనా గురువు గురువే. ప్రాస రెండో అక్షరానిది, దానికీ దీనికీ సంబంధం లేదు. రాతగాళ్ల చేతిలో మారిపోవడానికి ఇంతకన్నా అనువైన చోటు ఉండదు.

మూలాపేట:
బో చక్కగా చెప్పారు మాస్టారూ. నేను అర్థం పట్టుకుని వేలాడేది సినిమా వల్లే. ఆ వంటింటి ఘట్టంలో సంగీతం ఉండదు. బయట టాక్సీ డ్రైవర్ ఉన్నాడు, చప్పుడు కాకూడదు. కత్తి దించితే విరుగుతుంది. పారతో కాళ్ల మీద కొడతారు. చివరికి తలను గ్యాస్ పొయ్యిలోకి ఈడ్చుకుపోతారు. మనిషిని చంపడం ఎంత కష్టమో చూపించాలనుకున్నానని హిచ్‌కాకే చెప్పాడు. అప్పటిదాకా బ్లాక్‌బోర్డూ సుద్దముక్కా తప్ప ఎరగని ఆచార్యుడు ఒక రైతు భార్యతో కలిసి ఆ పని చేస్తాడు. గుహలో ఉన్నంతసేపూ అతనిది నీరసమా, కాపు కాయడమా అన్నదే నా ప్రశ్న.

దర్శి:
ఆ ఒక్క ఘట్టం తీసేస్తే ఏం మిగులుతుందన్నా? పాల్ న్యూమన్, జూలీ ఆండ్రూస్ పక్కపక్కన నిలబడితే పెళ్లి కుదిరినవాళ్లలా ఉండరు. బస్సులో పారిపోయే భాగం సాగి సాగి విసుగొస్తుంది, కిటికీ వెనక కదిలే బొమ్మ అతికించినట్టు తెలిసిపోతుంది. బెర్నార్డ్ హెర్మన్ కట్టిన సంగీతాన్ని పక్కనబెట్టి జాన్ అడిసన్‌తో చేయించుకున్నాడు. హెర్మన్‌తో ఆ బంధం అంతటితో తెగింది. ఆ నష్టం సినిమా అంతా వినబడుతుంది.

మూలాపేట:
బస్సు సంగతి ఒప్పుకుంటా. కానీ బెర్లిన్ మ్యూజియంలో ఖాళీ గదుల గుండా నడిచేటప్పుడు వెనక వినబడే అడుగుల చప్పుడు? మాటలు లేవు, పరుగు లేదు, అయినా కుర్చీలో కుదురుగా కూర్చోలేం. లైప్‌జిగ్‌లో ముసలి ప్రొఫెసర్ లింట్ చేత బ్లాక్‌బోర్డు మీద సూత్రం రాయించుకునే చోటు ఇంకా గొప్పది. తప్పు రాసి రెచ్చగొడతాడు. పెద్దాయన ఉండబట్టలేక సరైనది రాసేస్తాడు. పాండిత్యాన్నే గాలంగా వేసిన దొంగతనం గూఢచారి సినిమాల్లో నాకు ఇంకెక్కడా కనబడలేదు.

దర్శి:
అది నిజమే. అయితే ఆ అమెరికా ఆచార్యుణ్ని గూఢచారి అనడం మీద నాకు పేచీ ఉంది. కౌటిల్యుడి లెక్కలో శత్రువు కొలువులో చేరి మనకు పనిచేసేవాడు ఉభయవేతనుడు. వాడి పెళ్లాం బిడ్డల్ని మన చేతిలో ఉంచుకునే పంపాలంటాడు, ‘గృహీతపుత్రదారాంశ్చ’ అని. ఇక్కడ కాబోయే భార్య సారా చెప్పకుండానే వెంటపడి శత్రుదేశంలోకే వచ్చేసింది. పూచీ పెట్టాల్సిన మనిషి అవతలి గట్టుకు చేరింది! సినిమా బలమంతా ఆ తలకిందుల్లో ఉంది. దర్శకుడు దాన్ని వాడుకున్నది సగమే.

ఆత్మకూరు:
సగమే అనడం సరైనదే. మొదటి భాగం సారా కళ్లతో నడుస్తుంది, మనకూ వాడు ద్రోహే. పొలం దగ్గర రహస్యం విప్పేస్తాడు. అక్కడి నుంచి ఆమెకు చేసేందుకు ఏమీ మిగల్లేదు. తిక్కన అలా చెయ్యలేదు. కంకుభట్టు ఎవరో, వలలుడు ఎవరో మనకు మొదటినుంచీ తెలుసు. తెలియనిది విరాటుడికి. సైరంధ్రి సభలో కన్నీళ్లు పెట్టుకుంటుంటే ధర్మరాజు నోరు మెదపలేకపోవడం, భీముడు పళ్లు కొరకడం చూస్తూ మనమూ ఉగ్గబట్టుకుంటాం. వేషం బరువెంతో తెలియాలంటే నర్తనశాలకు ముందున్న ఆ సభే చదవాలి. నెల్లూరు రాజు మనుమసిద్ధి కొలువులో మంత్రాంగం నడిపిన మనిషి కదబ్బా, రాజు ముందు నోరు కట్టుకోవడం ఎట్లా ఉంటుందో ఆయనకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

ఒంగోలు:
నెల్లూరోళ్లు తిక్కన దగ్గర మొదలుపెడితే తిక్కన దగ్గరే ఆపుతారు. అజ్ఞాతవాసంలో మిమ్మల్నెవరూ గుర్తుపట్టరని వరం దొరికింది యక్షప్రశ్నల చివర, అరణ్యపర్వంలో. అది మా ఎర్రన పూరించిన భాగం. నన్నయ గొంతులో మొదలుపెట్టి, ఎక్కడ అతుకుందో తెలియకుండా తిక్కన గుమ్మం దాకా తెచ్చి దించాడు. అంతటి మారువేషం తెలుగులో ఇంకెవరు వేశారు? అద్దంకి రెడ్డిరాజు ప్రోలయ వేముడు ఊరికే నెత్తిన పెట్టుకోలేదు.

ఆత్మకూరు:
ఎర్రన్ని కాదన్నదెవరు మాస్టారూ. వరం ఇచ్చినంత మాత్రాన కథ నడవదు. వరం ఉన్నా భయం పోకపోవడమే విరాటపర్వం.

కావలి:
సంకేతాల మాట ఎవరూ ఎత్తలేదే. సినిమాలో రహస్యదళం గుర్తు ‘పై’, గ్రీకు అక్షరం. నేలమీద గీస్తాడు, గ్రోమెక్ దాన్ని చూసే పట్టేస్తాడు. వ్యాసుడిలో పాండవులు తమలో తాము పిలుచుకోవడానికి జయుడు, జయంతుడు, విజయుడు, జయత్సేనుడు, జయద్బలుడు అని పెట్టుకున్నారు. పైకి వేరే పేర్లు, లోపల ఇవి. వాళ్ల గుర్తులు ఎవరికీ చిక్కలేదు. దుర్యోధనుడి చారులు వట్టి చేతులతో వచ్చి కీచకుడు చచ్చాడన్న కబురు మాత్రం చెప్పారు. అసలు విషయం ఆ కబురులోనే ఉందని వాళ్లకు తెలియదు.

దర్శి:
ఇది బాగుంది. గ్రోమెక్ శవం దొరికాకే సినిమాలో కూడా అందరూ మేల్కొంటారు. చంపినవాణ్ని పట్టించింది చావే.

మూలాపేట:
పద్యానికి రండి. ‘కుంతీసుతమధ్యముండు’ దగ్గర కూడా నాకో ముల్లుంది. కుంతి కొడుకులు ముగ్గుర్లో నడిమివాడు భీముడు కదా?

ఒంగోలు:
మాద్రి బిడ్డలూ కుంతి చేతి బిడ్డలే. ఐదుగురిలో నడుమ అర్జునుడు. అక్కడ ఆగాల్సిన పనిలేదు. ఆగాల్సింది ‘వీడె వచ్చెన్’ దగ్గర. వీడె! అన్నేళ్ల అరణ్యవాసం, ఏడాది ఆడవేషం ఆ ఒక్క ఎ-కారంతో రాలిపోయాయి.

కావలి:
అంతకుముందున్న ‘వచ్చునోజం’ ఇంకా పెద్దది మాస్టారూ. ఓజస్సుతో, తేజస్సుతో వచ్చాడని. అక్క నీరసం అన్న సింహానికి ఓజస్సు ఎక్కణ్ణించి వచ్చింది?

ఆత్మకూరు:
అది ఓజస్సు కాదు తమ్ముడూ! ‘ఓజ’ అచ్చతెలుగు, రీతి అని. వచ్చు ఓజన్, వచ్చే విధంగా. ఉపమావాచకం అది. దాన్ని తీసేస్తే ‘సింహం లాగా’ అనడానికి పద్యంలో ఇంకో మాటే లేదు, అన్వయించి చూడు.

కావలి:
అన్వయించే చెప్తున్నా అక్కా. రెండర్థాలూ పలికేట్టు వేశాడు తిక్కన. ‘సముద్యత్క్రోధమై’ పక్కన ఓజస్సు వినబడకుండా ఎట్లా పోతుంది?