అప్‌డేట్: ఆ స్టిక్కర్ కారాయన్ని కలిశాను

పోయిన నెల అడిగాను కదా, బెంగళూరులో మా అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో ఒక పాత కారుకి ఆర్‌ఈసీ వరంగల్ (మా ఇంజనీరింగ్ కాలేజీ పాత పేరు) స్టిక్కర్ ఉంది, నాది అక్కడే 2016 బ్యాచ్, ముక్కూమొహం తెలియని మనిషిని వెళ్లి పలకరించొచ్చా అని. ఉద్యోగం కోసం వచ్చాననుకుంటారని ఒకరు అన్నారు, నా టెన్షనూ అదే.

వెళ్లాను. ఆయనది 1987 బ్యాచ్. 'సార్' అంటే ఒప్పుకోలేదు, 'అన్నా అను చాలు' అన్నారు. మా నాన్న వయసాయన్ని అలా పిలవడానికి మొదట నోరు రాలేదు, రెండో కాఫీకి అలవాటైపోయింది. 2002లో ఎన్‌ఐటీ అయినా ఆయనకది ఇంకా ఆర్‌ఈసీయే, నేను 'నిట్' అంటే మొహం అదోలా పెట్టారు (నిజానికి నాకూ ఆ పలకడం నచ్చదు). అప్పట్లో సగం సీట్లు బయటి రాష్ట్రాల వాళ్లకి కదా, రూమ్‌మేట్ బీహార్ అబ్బాయట, హిందీ వచ్చింది అలాగేనట. కాజీపేటలో తెల్లవారుజామున రైలు దిగి ట్రంకుపెట్టె మోసుకుంటూ హాస్టల్‌కి నడిచిన కథ చెప్తుంటే, నేను చక్రం ఊడిన ట్రాలీబ్యాగ్ ఈడ్చుకెళ్లిన రోడ్డే కళ్లముందు కనిపించింది.

ఉద్యోగం మాటే రాలేదు. ఆదివారం భోజనానికి రమ్మన్నారు. 'ఇంకో ఆర్‌ఈసీ వాడు దొరికాడా మీకు' అని వాళ్లావిడ లోపల్నించి ఒకటే నవ్వు.