డాన్ హ్యూవిట్‌ను ఎలా గుర్తుపెట్టుకోవాలి?

పీసీఆర్ పాతకాపు:
ఆగస్టు 19 వస్తే డాన్ హ్యూవిట్ గుర్తొస్తాడు. 2009లో ఆ రోజే, 86 ఏళ్ల వయసులో పోయాడు. అమెరికాలో సీబీఎస్ వార్తల విభాగంలో 1948లో చేరి, 1968 సెప్టెంబరులో "60 మినిట్స్" అనే వారపు వార్తా కథనాల కార్యక్రమం మొదలుపెట్టి 2004 దాకా నడిపిన ప్రొడ్యూసర్. హైదరాబాద్‌లో ఇరవై ఏళ్లు బులెటిన్లు నడిపి రిటైరైన నాకు, ఎన్నడూ కలవకపోయినా, ఆయనే గురువు. "నాకో కథ చెప్పు" అనేదొక్కటే ఆయన సూత్రం. తెర మీద మాట్లాడే మనిషి పేరు కింద వేస్తామే, మన డెస్కుల్లో ఆస్టన్ అంటాం, దానికీ ఆయనకూ సంబంధం ఉంది. 1952లో చికాగోలో పార్టీ సమావేశాలప్పుడు, ఒక టిఫిన్ హోటల్లో నల్ల బోర్డు మీద తెల్ల అక్షరాలు గుచ్చిన మెనూ చూసి, ఆ బోర్డే కొనుక్కుపోయి పేర్లు వేయించానని ఆయనే చెప్పుకున్నాడు. వార్తల ప్రొడ్యూసర్లలో ఆయన్ని మించినవాళ్లు నాకైతే కనబడలేదు. మీరేమంటారు?

రేడియో వినికిడి:
పాతకాపు గారూ, అసలు సంగతి వదిలేశారు. 1960 సెప్టెంబరు 26న అమెరికా అధ్యక్ష అభ్యర్థులు కెన్నెడీ, నిక్సన్ల మొదటి టీవీ డిబేట్ డైరెక్ట్ చేసింది ఈయనే. నిక్సన్ మోకాలి ఇన్‌ఫెక్షన్‌తో ఆస్పత్రిలో ఉండి వచ్చాడు, ముఖం పీక్కుపోయింది, లేత రంగు సూటు వెనక గోడలో కలిసిపోయింది. ఒక సర్వేలో రేడియోలో విన్నవాళ్లు నిక్సన్ గెలిచాడన్నారు, టీవీలో చూసినవాళ్లు కెన్నెడీ అన్నారు. చివరికి ఎన్నికల్లో గెలిచింది కెన్నెడీ. అంటే ఎన్నికను కెమెరా మార్చేసింది. దాన్ని ఘనకార్యం అందామా?

పీసీఆర్ పాతకాపు:
మేకప్ వేస్తామని హ్యూవిట్ ఇద్దరినీ అడిగాడు. కెన్నెడీ వద్దన్నాడు, అది విని నిక్సనూ వద్దన్నాడు. తర్వాత నిక్సన్ మనుషులే గడ్డం నలుపు కనబడకుండా ఏదో పౌడరు రాశారు. నేను పీసీఆర్‌లో, అంటే ప్రసారాన్ని నడిపే కంట్రోల్ రూములో కూర్చున్నవాణ్ని. గెస్టు వద్దంటే ప్రొడ్యూసర్ చేయగలిగింది ఏమీ ఉండదండీ.

తెనాలి కుర్రాడు:
రేడియో సర్వే సంగతి చాలా బలహీనం అన్నా. అందులో రేడియో విన్నవాళ్లు మూడు వందల లోపే.

రేడియో వినికిడి:
తక్కువైతే ఏం, విన్నవాళ్లే కదా. మా నాన్న చివరిదాకా రేడియో వార్తలే నమ్మాడు. మొహం చూసి ఓటేసే రోజులు ఆ రాత్రితో మొదలయ్యాయి. రాజకీయాలకు టీవీ, టీవీకి రాజకీయాల డబ్బు అప్పుడే అలవాటయ్యాయని హ్యూవిట్ కూడా తర్వాత బాధపడ్డాడు. ఆయన ఒప్పుకున్నది మీరెందుకు ఒప్పుకోరు?

డెస్క్ మూడు:
పౌడరు గొడవ ఎంతసేపండీ? 1995 మాట్లాడుకుందాం. బ్రౌన్ అండ్ విలియమ్‌సన్ సిగరెట్ కంపెనీలో పరిశోధన విభాగం చూసిన జెఫ్రీ వైగాండ్, నికోటిన్ గురించి కంపెనీకి ఏం తెలుసో "60 మినిట్స్" కెమెరా ముందు చెప్పాడు. రహస్య ఒప్పందం ఉన్న మనిషి చేత మాట్లాడించారని కేసు పడుతుందని సీబీఎస్ లాయర్లు భయపడ్డారు. నవంబరులో ఆ ఇంటర్వ్యూ లేకుండానే కథ వేశారు. హ్యూవిట్ లాయర్ల వైపే నిలబడ్డాడు. అసలు ఇంటర్వ్యూ 1996 ఫిబ్రవరికి గానీ రాలేదు, అదీ వైగాండ్ వాంగ్మూలం పత్రికలో అచ్చయ్యాక. అదే సీబీఎస్‌లో 1966లో ఫ్రెడ్ ఫ్రెండ్లీ ఏం చేశాడు? వియత్నాం యుద్ధం మీద సెనేట్ విచారణ చూపించకుండా పాత కామెడీ షో వేశారని వార్తల అధ్యక్ష పదవికి రాజీనామా చేశాడు. మీ గురువు కుర్చీ వదల్లేదు.

పీసీఆర్ పాతకాపు:
రాజీనామా చేయమని కీబోర్డు మీద ఎవరైనా చెప్తారు. నెల తిరిగేసరికి అద్దె, పిల్లల ఫీజులు. మీకు డెస్కులో ఎన్నేళ్లు?

డెస్క్ మూడు:
తొమ్మిదేళ్లు. అనుభవం అడిగారు కాబట్టి చెప్తున్నా. ఒక చానల్లో మా బాస్ రాత్రి షిఫ్టు అయ్యాక కారెక్కమనేవాడు. ఎక్కనన్నాక మూడు నెలలు నాకు స్క్రోలింగ్, అంటే తెర కింద పరిగెత్తే వార్తల వరస రాయడం తప్ప ఏమీ ఇవ్వలేదు. నేను వదిలేశా. ఆయన రిటైరైనప్పుడు పూలదండలు, గురువు గారూ అంటూ పోస్టులు. హ్యూవిట్ మీదా ఇలాంటిదే ఉంది. తన మీద పదేపదే లైంగిక దాడి చేశాడని, కెరీర్ పాడుచేశాడని ఆరోపించిన మాజీ ఉద్యోగినితో సీబీఎస్ 1990ల్లో ఒప్పందం చేసుకుందని, ఇస్తామన్న మొత్తం తర్వాత 50 లక్షల డాలర్లు దాటిందని 2018 డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ రాసింది. మీ మొదటి పోస్టులో హోటల్ బోర్డుకు చోటుంది. ఆమెకు లేదు.

తెనాలి కుర్రాడు:
అప్పటికి ఆయన పోయి తొమ్మిదేళ్లు అక్కా. జవాబు చెప్పే మనిషే లేడు.

డెస్క్ మూడు:
డబ్బు ఇచ్చినప్పుడు ఉన్నాడుగా తమ్ముడూ. నేను తీర్పు అడగడం లేదు. జీవితం రాస్తున్నప్పుడు అది కూడా రాయమంటున్నా.

రేడియో వినికిడి:
డిబేట్ మీద నా ప్రశ్నకు ఇంకా ఎవరూ జవాబివ్వలేదు.

పీసీఆర్ పాతకాపు:
డెస్క్ మూడు గారూ, నిన్న రాత్రి కోపంతో ఒకటి రాసి కొట్టేశాను. మీ సంగతి చదివి చాలా బాధపడ్డాను. మీ అనుభవం ఎంత అని అలా అడగాల్సింది కాదు, క్షమించండి. 2018 సంగతి నాకు తెలుసు. తెలిసే రాయలేదు. రాస్తే మిగతాదంతా ఎవరూ చదవరని.
ఇంకొకటి. నకిలీ విత్తనాల మీద మా జిల్లా రిపోర్టర్ పదకొండు రోజులు తిరిగి ప్యాకేజీ, అంటే పూర్తి వీడియో కథనం పంపాడు. రన్‌డౌన్‌లో, అంటే బులెటిన్ వార్తల వరసలో రెండో ఐటమ్. బులెటిన్‌కు నలభై నిమిషాల ముందు పైనుంచి ఫోన్, ఆ కంపెనీ యాడ్ మనకుంది అని. నేనే తీసేశాను. ఆ ఖాళీలో పండగ షాపింగ్ వేశాను. 1995 గురించి ఎవరైనా హ్యూవిట్‌ను తిడితే నన్ను తిట్టినట్టే ఉంటుంది. అందుకే ఇంతగా వాదించాను.

డెస్క్ మూడు:
తీసేసింది మీరేనని ఆ రిపోర్టర్‌కు తెలుసా అండీ?

పీసీఆర్ పాతకాపు:
టేపు పాడైందని చెప్పాను. ఆయన నమ్మాడు.

తెనాలి కుర్రాడు:
ఇప్పుడు ఎక్కడున్నారు ఆయన?

పీసీఆర్ పాతకాపు:
ఊళ్లోనే. ఎరువుల షాపు పెట్టుకున్నాడు. నంబరు ఉంది. మొదటి పోస్టు మళ్లీ రాస్తున్నాను, ఆమె సంగతి కలిపి. రాత్రికి పెడతాను.