హారిస్ పార్క్‌లోని పాత ఇంటి గురించి తెలిసినవాళ్లున్నారా?

నమస్కారమండీ. మేము సిడ్నీలో హారిస్ పార్క్ దగ్గర ఉంటాం. దోసెలకీ బిర్యానీకీ ఇక్కడికొచ్చే మనవాళ్లకి, రెండడుగుల్లో ఉన్న ఎక్స్‌పెరిమెంట్ ఫార్మ్ కాటేజ్ అనే పాత ఇల్లు మాత్రం కనపడదు. నాకూ ఇన్నాళ్లూ కనపడలేదనుకోండి! మా అమ్మాయి స్కూల్ ప్రాజెక్టు పుణ్యమా అని మొన్న వెళ్లాను.

ఇది బర్రమట్టగల్ అనే ఆదివాసీల నేల. ఇంగ్లండ్‌లో శిక్షపడి ఖైదీగా ఓడలో వచ్చిన జేమ్స్ రూస్‌కి గవర్నర్ ఇక్కడ సాగు చేసి చూడమని పొలం ఇచ్చాడు. తర్వాత ఆ 30 ఎకరాలు అతని పేరునే రాశారు. 1793లో రూస్ దాన్ని డాక్టర్ జాన్ హారిస్‌కి 40 పౌండ్లకి అమ్మేశాడు. ఊరి పేరు ఈ హారిస్ మీదుగా వచ్చిందే. ఆయన అంతకుముందు ఇండియాలో పనిచేశాడట.

నా సందేహం ఇల్లు గురించి. ముందు ఆ వరండా, వాలు కప్పు చూస్తే మన ఊళ్లలో పాత కలెక్టర్ బంగళాలే గుర్తొచ్చాయి. హారిస్ ఆ పోలిక ఇండియా నుంచే తెచ్చాడా, లేక అప్పట్లో సిడ్నీలో అందరూ అలాగే కట్టేవారా? ఇల్లు 1790ల నాటిదని ఒకప్పుడు అనుకునేవారు, ఇప్పుడేమో 1835 ప్రాంతం అంటున్నారు. పాత ఇంటి వయసు అసలు ఎలా తేలుస్తారు? ఇటుకలు చూసా, దస్తావేజులు చూసా?

పాత భూమి రికార్డులు వెతికిన అనుభవం ఉన్నవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి. ప్రాజెక్టు ఇవ్వడానికి ఇంకా రెండు వారాలే ఉంది, మా అమ్మాయికంటే నాకే టెన్షన్.