మా చిన్నోడు పోయాక ఉప్పలపాడు చెరువు దగ్గరే కాస్త ఊపిరాడుతోంది, మీలో ఎవరికైనా ఇలా జరిగిందా?

మిరపతోట:
పోయిన నెల మా చిన్నోడు పోయాడు. మామూలు ఊరకుక్కే, పదమూడేళ్ల కింద వానలో తడుస్తూ మా గేటు సందులోంచి దూరి వచ్చి ఇక పోలేదు. కిడ్నీలు పాడయ్యాయి. చివరి వారం సెలైన్ ఎక్కించి తెచ్చి వరండాలో పడుకోబెట్టేవాళ్లం, మధ్యాహ్నం ఎండ మొహం మీద పడుతుందని నేను తువ్వాలు అడ్డం పట్టుకుని కూర్చునేదాన్ని. ఇంట్లోవాళ్లు "ఇంకోటి తెచ్చుకుందాంలే" అంటారు. మంచికే అంటారు, కానీ ఆ మాట వింటే ముద్ద దిగదు.

ఇప్పటికీ అయిదింటికే మెలకువ వచ్చేస్తుంది, వాడి వాకింగ్ టైము. ఇంట్లో ఉండలేక ఒకరోజు స్కూటీ తీసి ఎటో తెలియకుండా పోతూ పోతూ గుంటూరు పక్కనున్న ఉప్పలపాడు చేరాను. చెరువులో తుమ్మచెట్ల నిండా పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు. ఎండెక్కాక ఒక కొంగ గూటి మీద రెక్కలు విప్పి గొడుగులా పట్టి నిలబడింది, కింద నీడలో పిల్లలు. నోరు తెరుచుకుని రొప్పుతోంది గానీ పక్కకి జరగలేదు. అది చూసి అక్కడే గట్టు మీద భోరుమన్నాను. ఆ రోజు ఇంటికొచ్చి కడుపునిండా తిన్నాను. ఇప్పుడు వారానికి మూడుసార్లు వెళ్తున్నా. ఇంత త్వరగా మనసు తేలికపడితే వాడికి అన్యాయం చేస్తున్నట్టు కాదా?

చెరువుగట్టు:
అక్కా, అన్యాయం ఏముంది, వాడి టైముకే కదా లేచి వెళ్తున్నారు. మాది హైదరాబాద్, మా పిల్లి పోయినప్పుడు నేను అమీన్‌పూర్ చెరువు దగ్గర కూర్చునేవాణ్ణి. 2016లో దాన్ని జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు, కెమెరాలు పట్టుకుని పక్షుల కోసం వచ్చేవాళ్లు ఉంటారు కాబట్టి ఎంతసేపు ఒంటరిగా కూర్చున్నా ఏమైందని ఎవరూ అడగరు. నాకు కావాల్సింది అదే, ఎవరికీ సమాధానం చెప్పక్కర్లేని చోటు.

నందివర్ధనం:
నేను కొంచెం వేరేలా చెప్తానమ్మా, ఏమనుకోకు. మాది సూళ్లూరుపేట వైపు, నేలపట్టు పక్షుల అభయారణ్యం దగ్గరే. మా టామీ పోయిన ఏడాది చలికాలమంతా రోజూ అక్కడికే వెళ్లాను, పెలికాన్ పిల్ల తల్లి గొంతుసంచిలోకి తల మొత్తం దూర్చి తినడం చూస్తుంటే పొద్దు తెలిసేది కాదు. పిల్లలకి రెక్కలొచ్చాయి, ఎండలు ముదిరేసరికి అన్నీ వెళ్లిపోయాయి. ఖాళీ చెట్లు చూసి మళ్లీ మొదటిరోజులాగే అయిపోయాను. నీకు అలా కాకూడదు. ఇంట్లో కూడా ఏదో ఒకటి పెట్టుకో. నేను వాణ్ణి పాతిపెట్టిన చోట నందివర్ధనం కొమ్మ నాటాను, పొద్దున్నే నీళ్లు పోస్తాను, వాడితో మాట్లాడినట్టే ఉంటుంది. పార్కుకి మాత్రం చాలా రోజులు వెళ్లలేకపోయాను, అందరి చేతుల్లో గొలుసులే కనబడేవి.

మిరపతోట:
పిన్నిగారూ, పక్షులు వెళ్లిపోతాయన్న సంగతే నాకు తట్టలేదు, చదివి గుండె జారింది, కానీ ఇప్పుడే తెలియడం మంచిదైంది. తమ్ముడూ, వాడి టైముకే వెళ్తున్నానన్న మాట మా ఆయనకి చదివి వినిపించాను, ఆదివారం తనూ వస్తానన్నాడు. పెరట్లో వేసవిలో చల్లగా ఉంటుందని వాడు తవ్వుకుని పడుకున్న గుంట అలాగే ఉంది, నందివర్ధనం అందులోనే పెడతాను. గొలుసు మాత్రం మేకుకే ఉంది, ఇంకా తీయలేదు.