పర్సులు, సంచులు, బెల్టులు కుట్టడానికి పాత మిషన్లలో ఏది తీసుకోవాలి?

ప్రశ్న

నమస్కారం. తోలుతో పర్సులు, భుజానికి తగిలించుకునే సంచులు, నడుము బెల్టులు చేస్తుంటాను. ఇంతవరకు అన్నీ ఆరతో (తోలుకు రంధ్రం చేసే మొనదేలిన పనిముట్టు) పొడిచి, రెండు సూదులతో చేతికుట్టే వేస్తూ వచ్చాను. కుట్టు నాణ్యత విషయంలో నాకే అసంతృప్తీ లేదు గానీ, సంచి పక్కల పొడవాటి కుట్లకే పూటలకు పూటలు గడిచిపోతుండడంతో మిషన్ తీసుకోక తప్పదనిపిస్తోంది. కొత్త పారిశ్రామిక మిషన్ కొనే స్తోమత లేదు కనుక పాతకాలపు గట్టి మిషన్ల వైపు చూస్తున్నాను.

ప్రస్తుతం నాకు అందుబాటులో మూడు ఉన్నాయి. ఒకటి సింగర్ 15 తరగతికి చెందిన నల్లటి పోత ఇనుము ఇంటి మిషన్. అమ్మేవారు దాన్ని ‘హెవీ డ్యూటీ’ అని చెబుతూ, దళసరి తోలు మీద వేసిన కుట్టు ఫొటో కూడా పంపించారు. రెండవది చెప్పులు కుట్టేవారి దగ్గర కనబడే, సన్నటి పొడవాటి చేయి గల సింగర్ 29కె. మూడవది టేబుల్, మోటారుతో సహా ఉన్న సింగర్ 111డబ్ల్యు155.

పర్సులకు నేను వాడే తోలు పొర ఒక్కొక్కటి 1 మి.మీ. అటూ ఇటూ ఉంటుంది. సంచులకు 1.5 నుంచి 2 మి.మీ. తీసుకుంటాను, పిడి అతికే చోట పొరలన్నీ కలిసి 7 మి.మీ. దాకా వస్తాయి. బెల్టులకు 3.5 మి.మీ. తోలు రెండు పొరలు. ఈ మూడు పనులూ ఒకే మిషన్ మీద సాగుతాయా? సాగకపోతే దేన్ని వదులుకోవాలి? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు 1

మిషన్ బరువెంత, అది ఏ కాలం నాటిది అన్నవాటికంటే ముందు అది తోలును ఏ విధంగా ముందుకు నడుపుతుందో చూడండి. మీరు చెప్పిన మూడింటికీ అసలు తేడా అక్కడే ఉంది.

ఇంటి మిషన్‌లో ప్లేటు కింద ఉండే పళ్లు మాత్రమే కింది పొరను లాగుతాయి. పై పొర మీద ఫుట్ ఊరికే అదిమిపెట్టి కూర్చుంటుంది. బట్టలో ఇది ఇబ్బంది కాదు. తోలు ఫుట్‌కు పట్టుకుంటుంది కాబట్టి కింది పొర నడుస్తుంటే పై పొర వెనకబడుతుంది. బారెడు కుట్టు పూర్తయ్యేసరికి అంచులు కలవవు. ఒత్తిడి పెంచితే పళ్ల గాట్లు అడుగు వైపు తోలు మీద శాశ్వతంగా పడతాయి. తోలుకుట్టులో కుట్టు విప్పి మళ్లీ వేసినా పాత రంధ్రాలు పూడవు కనుక ఇలాంటి లోపాలను తర్వాత సరిదిద్దుకునే వీలుండదు.

111డబ్ల్యు155 లో సూది తోలులో దిగి ఉండగానే పళ్లతో పాటు వెనక్కి నడుస్తుంది, లోపలి ఫుట్ కూడా దానితోనే కదులుతుంది. అవి తిరిగి వచ్చేటప్పుడు బయటి ఫుట్ దిగి తోలును పట్టుకుని ఉంటుంది. పొరలన్నిటికీ సూదే మేకులా గుచ్చుకుని ఉండడం వల్ల ఒకటి ముందుకు, ఒకటి వెనక్కి జారే అవకాశం చాలా తక్కువ. సంచుల పనికి నేను నిస్సందేహంగా దీన్నే సూచిస్తాను. ఇదే పోలికలో తర్వాత వచ్చిన కాన్సూ 206ఆర్‌బి, జూకి ఎల్‌యు-562 వంటివి దొరికినా ఇదే మాట. ఈ తరహా మిషన్లకు ఫుట్‌లు, బాబిన్లు, సూదులు ఇప్పటికీ తయారవుతున్నాయి. పాత మిషన్ కొనేవారికి ఇది చిన్న విషయం కాదు.

దీని పరిమితులు కూడా తెలుసుకోవాలి. వెనక్కి కుట్టే మీట ఉండదు. కుట్టు చివర ముడి గట్టిపడాలంటే పనిని తిప్పి అదే రంధ్రాల్లో రెండు మూడు కుట్లు వేయాలి, లేదా దారాలను లోపలికి లాగి చేత్తో ముడివేయాలి. కుట్టు పొడవు మార్చడానికి పైన మరచక్రమేదీ కనబడదు. బల్ల మీదున్న చిన్న మీటను అదిమి పట్టి, అది గాడిలో పడేదాకా చక్రాన్ని తిప్పాలి. ఇది తెలియక, పాడైపోయిందనుకుని అమ్మేసేవారూ లేకపోలేదు.

ఇక ఆ ‘హెవీ డ్యూటీ’ ఫొటో సంగతి. దాదాపు ఏ ఇనుప మిషన్ అయినా చక్రాన్ని చేత్తో తిప్పితే దళసరి తోలులో నాలుగు కుట్లు వేస్తుంది. నాలుగు వందల కుట్లు ఒకే తీరుగా వేయగలదా అన్నది వేరే ప్రశ్న.

జవాబు 2

మిషన్ల మరమ్మతే నా వృత్తి. పైవారి అభిప్రాయంతో ఏకీభవిస్తూ, కొనే ముందు ఏం చూడాలో కొంత వివరంగా రాస్తాను. ఎందుకంటే మంచి మోడల్ పేరు ఉన్నంత మాత్రాన మీ ముందున్న మిషన్ మంచిదని చెప్పలేం.

ముందు మోటారు ఆపించి, బెల్టు తీయించి, చక్రాన్ని చేత్తో మీ వైపుకు నెమ్మదిగా తిప్పండి. చుట్టు మొత్తం ఒకే బరువుతో తిరగాలి. అంతటా సమానంగా బరువుగా ఉంటే చాలావరకు అది ఎండి బంకగా మారిన పాత నూనె. కిరోసిన్ పోసి ఓపిగ్గా ఆడిస్తే వదులుతుంది, తర్వాత మిషన్ నూనె వేయాలి. ఒక్కచోట మాత్రమే పట్టేసి మళ్లీ వదులుతోందంటే ఎక్కడో వంపో, దెబ్బో ఉన్నట్టు లెక్క.

తర్వాత నీడిల్ బార్‌ను, అంటే సూదిని పట్టి ఉంచే కడ్డీని, కింది చివర రెండు వేళ్లతో పట్టుకుని పక్కలకు కదిపి చూడండి. వేలికి స్పష్టంగా తెలిసేంత ఆట ఉంటే దళసరి తోలులో సూది పక్కకు ఒరిగి, ప్లేటు కింద తిరిగే హుక్ (కొక్కెం) సూది దారాన్ని అందుకోలేక కుట్లు తప్పుతాయి. అయితే 111 లాంటి మిషన్లో నీడిల్ బార్ ముందుకూ వెనక్కీ ఊగడం దాని పనితీరులో భాగం. ఆ దిశలో కదలికను లోపమనుకోవద్దు; అడ్డంగా ఉండే ఆటనే లెక్కలోకి తీసుకోండి.

హుక్ మొనను భూతద్దంతో చూడడం అన్నిటికంటే ముఖ్యం. దాని మీదుగా నూలుపోగును లాగితే చిక్కుకోకుండా జారిపోవాలి. మొన చిట్లినా, మొద్దుబారినా, ప్లేటు రంధ్రం చుట్టూ సూది గుద్దిన గాట్లు కనబడినా, ఎవరో మందపాటి దాన్ని బలవంతంగా కుట్టబోయారని అర్థం. చిన్న గరుకును నున్న చేయవచ్చు. మొన విరిగితే హుక్ మార్చాల్సిందే, ఆ ఖర్చును బేరంలోనే మాట్లాడుకోండి.

పైకి కనబడే రంగు, బంగారు పూత, మెరుపు గురించి నేను పట్టించుకోను. పోత ఇనుములో పగులు, అతుకు వేసిన గుర్తులు ఉంటే మాత్రం, ఎంత చవకగా ఇచ్చినా వద్దంటాను.

చివరగా, అమ్మేవారి దగ్గరున్న గుడ్డముక్క మీద పరీక్షించి తృప్తిపడకండి. మీ తోలు ముక్కలు, మీరు వాడే దారం, కొత్త సూది పట్టుకెళ్లి, రెండు పొరల మీద మొదలుపెట్టి, ఆపకుండా నాలుగు పొరల మీదికి ఎక్కించి, మళ్లీ దించి చూడండి. ఎక్కేచోట కుట్లు పొట్టిగా మారిపోకుండా ఉంటే ఆ మిషన్ సంచి కుడుతుంది.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇంటి మిషన్ ఆలోచన దాదాపుగా వదిలేశాను. కానీ 29కె మీద మనసు పోవడం లేదు. ఫుట్ ఎటు కావాలంటే అటు తిరుగుతుంది, చేయి సన్నగా ఉంది కాబట్టి తయారైన సంచిలోకి కూడా దూరుతుంది, చెప్పులే కుట్టగలిగినది సంచి కుట్టలేదా అని సందేహం. మరో భయం ఏమిటంటే, 111 కు ఉన్న మోటారు పెడల్ మీద కాలు ఆనించగానే దూసుకుపోతోంది. చేతికుట్టుకు అలవాటుపడినవాణ్ణి, ఆ వేగాన్ని అదుపు చేయగలనా అనిపించింది.

జవాబు 3

29కె నా దగ్గర ఉంది, అమ్మే ఉద్దేశం కూడా లేదు, అయినా మీకు మొదటి మిషన్‌గా వద్దనే చెబుతాను. అది మరమ్మతుల కోసం పుట్టిన మిషన్. చెప్పు పైభాగంలో చిరిగిన చోటికి చేయి దూర్చి, పనిని కదపకుండా ఫుట్‌నే తిప్పుకుంటూ అతుకు వేయడంలో దానికి సాటి లేదు. సంచి పక్కకుట్టు వంటి పొడవాటి తిన్నని వరుస దానితో వేస్తే గీత గీసినట్టు రావడం కష్టం.

కారణం దాని నిర్మాణంలోనే ఉంది. కింద పళ్లు ఉండవు. పైనున్న గరుకు ఫుట్ ఒక్కటే తోలును పట్టి లాగుతుంది, ఆ గరుకు ముద్రలు పై వైపున, అంటే అందరికీ కనబడే వైపున పడతాయి. ఫుట్‌ను కదిపే భాగాలు అరిగేకొద్దీ కుట్టు పొడవు తగ్గిపోతూ వస్తుంది. దశాబ్దాల పాటు అంగడిలో పనిచేసిన మిషన్ గరిష్ఠ స్థానంలో పెట్టినా పొట్టి కుట్లే వేయవచ్చు. చాలా వాటిలో బాబిన్ కూడా మరీ చిన్నది, దళసరి దారమైతే కాసేపటికే అయిపోతుంది. క్లైడ్‌బ్యాంక్ (స్కాట్లాండ్) లోని సింగర్ కర్మాగారం 1980 లోనే మూతపడింది గనుక, అక్కడి తయారీ అని చెప్పే ‘కె’ గుర్తున్న మిషన్ ఎంత కొత్తదైనా దాని వయసును అక్కడి నుంచి లెక్కపెట్టుకోండి.

అయినా కొనాలనుకుంటే ఫుట్‌ను నాలుగు దిక్కులకూ తిప్పి, ఒక్కో దిక్కున అంగుళం కుట్టి, కుట్ల పొడవు స్కేలుతో కొలవండి. ఒక దిక్కుకూ ఇంకో దిక్కుకూ బాగా తేడా ఉంటే లోపల అరుగుదల ఎక్కువని తెలుసుకోవచ్చు.

జవాబు 2 ఇచ్చినవారు మళ్లీ

మోటారు గురించి భయపడి మిషన్‌ను వదులుకోకండి, అది మార్చుకోగలిగిన భాగం. మీరు చూసింది బహుశా క్లచ్ మోటారు అయి ఉంటుంది. అది ఎప్పుడూ పూర్తి వేగంతో తిరుగుతూనే ఉంటుంది, పెడల్ నొక్కితే క్లచ్ పట్టుకుంటుంది. రెండు ధ్రువాల మోటారైతే 50 హెర్ట్జ్ విద్యుత్తు మీద నిమిషానికి దాదాపు 2,850 చుట్లు, నాలుగు ధ్రువాలదైతే సుమారు 1,425 చుట్లు తిరుగుతుంది. ఇవి కుట్టుదర్జీల వేగాలు, తోలుకు అక్కర్లేదు. వేగాన్ని తగ్గించుకోగల సర్వో మోటారు బిగించి, మోటారు వైపు పుల్లీని చిన్నది వేయండి. పుల్లీ వ్యాసం సగమైతే మిషన్ వేగం సగమవుతుంది, సూదికి అందే బలం దాదాపు రెట్టింపవుతుంది. ఇంకా నెమ్మదిగా కావాలంటే మధ్యలో మరో పెద్ద చక్రం పెట్టి వేగం తగ్గించే అమరిక ఉంది. మూలమలుపుల దగ్గర మాత్రం ఏ మోటారున్నా చక్రాన్ని చేత్తో తిప్పడమే మంచి అలవాటు.

జవాబు 4

బెల్టుల సంగతి ఎవరూ ముట్టుకోలేదు కాబట్టి రాస్తున్నాను. 7 మి.మీ. మందం 111 ఫుట్ కిందకి వెళ్తుంది, నిజమే. కానీ సంచి పిడి దగ్గర నాలుగు మెత్తటి పొరలు కలిసిన 7 మి.మీ., చెట్టుబెరడుతో పదును చేసిన గట్టి బెల్టు తోలు 7 మి.మీ. ఒకటి కావు. రెండవది సూదిని పట్టేస్తుంది, సూది పైకి లేచేటప్పుడు తోలును కూడా ఎత్తేస్తుంది, కుట్టు తప్పుతుంది. పైగా బెల్టుకు చూడముచ్చటగా ఉండే దళసరి దారం ఈ మిషన్‌కు మించిన పని.

దారాన్ని బట్టి మాట్లాడుకుంటే విషయం తేలికవుతుంది. టెక్స్ అనేది దారం ఎంత దళసరో చెప్పే కొలత, అంకె పెరిగేకొద్దీ దారం దళసరి. టెక్స్ 70 బాండెడ్ నైలాన్‌కు 100 లేదా 110 సూది, టెక్స్ 90 కి 110 నుంచి 125, టెక్స్ 135 కు 140 నుంచి 160 సరిపోతాయి. ఈ సూది అంకెలు దాని మందాన్ని మిల్లీమీటరులో నూరో వంతుల్లో చెబుతాయి, అంటే 110 సూది మందం 1.1 మి.మీ. ఇంటి మిషన్ టెక్స్ 70 దగ్గరే అలసిపోతుంది. 111 టెక్స్ 135 వరకు హాయిగా నడుస్తుంది. బెల్టులకు బాగుండే టెక్స్ 210, 270 లకు సింగర్ 45కె తరగతి గానీ, ఆర ముందు పొడిచి తర్వాత సూది దిగే లాండిస్ 1 వంటి జీను మిషన్ గానీ కావాలి. అవి చోటు, బరువు, నిర్వహణ అన్నిట్లోనూ వేరే లోకం. మీ బెల్టు కుట్టు పొడవు తక్కువ, చేతికుట్టు మీకు వచ్చు. అది చేత్తోనే కానివ్వండి.

111 తీసుకుంటే సూదుల డబ్బా మీద రాసినది చదివి కొనండి. 135x17 గుండ్రటి మొనది, బట్టకు; 135x16 తోలును కోసే మొనది. కోసిన రంధ్రం మూసుకోదు కాబట్టి కుట్టు పొడవు 3 మి.మీ. కంటే తగ్గించవద్దు, తగ్గిస్తే తపాలా బిళ్లల అంచులా ఆ గీత వెంబడే తోలు చిరుగుతుంది. పర్సుల విషయంలో ఇంకో జాగ్రత్త: 1 మి.మీ. పొరలు రెంటి మధ్య దళసరి దారపు ముడి దాగదు, ఏదో ఒక వైపు చుక్కల్లా తేలుతుంది. దానికి టెన్షన్ (దారం బిగువు) మరను తిప్పుతూ కూర్చోవద్దు. టెక్స్ 70 వేసి, బాబిన్‌లోనూ అదే పెట్టి, సన్న సూదితో కుట్టండి.

ప్రశ్న అడిగినవారు

చాలా స్పష్టంగా ఉంది. 111 యజమానితో మాట్లాడి, హుక్ చూడడానికి భూతద్దం, పిడి దగ్గర వాడే తోలు ముక్కలు, టెక్స్ 90, టెక్స్ 135 దారాలు, 135x16 సూదులు తీసుకుని వెళ్తున్నాను. క్లచ్ మోటారును ఆయన దగ్గరే ఉంచుకుని మిషన్, టేబుల్ మాత్రమే ఇస్తారేమో అడుగుతాను. బెల్టులకు ఆర, రెండు సూదులే కొనసాగుతాయి.